లోపలికి తిప్పిన పూలు

రైలు కదలకముందే ఆమె ఆటల సంచిని తనకూ కిటికీ పక్క గోడకూ మధ్య ఇరికించి పెట్టుకుంది. పిల్లలిద్దరి కళ్ళూ అప్పటికే దాని మీద ఉన్నాయి.

"ఊరు దాటేదాకా ఏదీ తియ్యను. ముందు కిటికీలోంచి చూడండి. చూడ్డానికి ఏమీ లేనప్పుడు ఆటలు" అంది.

"అబ్బో, దీనికీ టైమ్‌టేబులే!" అంది వదిన ఎదురు సీట్లో కాళ్ళు పైకి మడుచుకుంటూ. "మా వ్యానులో అయితే ఎక్కీ ఎక్కగానే ఇల్లు పీకి పందిరేస్తారు వెధవలు. నీ పిల్లలేంటమ్మాయ్, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నారు?"

వదిన అంటే ఆమె భర్తకు అక్క. స్కూలు వ్యాను నడుపుతుంది. వెనక సీటు పిల్లల దాకా వినిపించాలన్న అలవాటు కొద్దీ ఎక్కడైనా అదే గొంతుతో మాట్లాడుతుంది. ఆ గొంతుకు పక్క వరసలో పేపరు చదువుకుంటున్న పెద్దాయన ఒకసారి తల పైకెత్తి, మళ్ళీ దించుకున్నాడు.

ప్రయాణం ఇలా జరగాల్సింది కాదు. ఆమె కడుపులో గడ్డ ఉందనీ, తీసెయ్యక తప్పదనీ డాక్టరు చెప్పినప్పుడు నలుగురూ కలిసే ఆ పెద్ద ఊరికి వెళ్ళాలనుకున్నారు. ఆసుపత్రి దగ్గర గది తీసుకుని పిల్లల్ని ఆయన చూసుకునేట్టు. అంత దూరం రైల్లో పిల్లల్ని కూర్చోబెట్టాలి కాబట్టే ఆమె ముందుగా ఈ సంచి కుట్టి, ఆటలన్నీ సర్దింది. తీరా చూస్తే వంతెన పని మధ్యలో ఉంది, ఆపరేషన్ నాటికి మాత్రమే రాగలనన్నాడు ఆయన. ఇప్పట్నుంచే బరువు ఎత్తకూడదు, ఆపరేషన్ అయ్యాక కుట్లు మానేదాకా వంగకూడదు. పిల్లల్ని ఉంచుకుంటామన్నవాళ్ళు ఒక్కరూ లేరు. పక్కింటివాళ్ళు "అయ్యో" అన్నారు, ఆ "అయ్యో"తోనే తలుపు వేసుకున్నారు.

అప్పుడు వదిన ఫోన్ చేసింది. "బళ్ళకి సెలవులే కదా, వ్యాను ఖాళీ, నేనూ ఖాళీ. నేనే వచ్చి పట్టుకుపోతా" అంది. అన్నట్టుగానే నిన్న సాయంత్రం దిగింది. మధ్యాహ్నానికి వదిన ఊరు వస్తుంది. పిల్లలూ వదినా అక్కడ దిగిపోతారు. ఆమె ఒక్కతే ముందుకు వెళ్తుంది.

సంచికి బయటి గుడ్డ పాత పరదాది, బూడిద రంగు. దాని గురించి భయం లేదు. భయమంతా లోపలి గుడ్డ గురించే.

వాళ్ళు కొత్త ఇంట్లో చేరిన రోజుల్లో వదిన కాలు విరిగి కట్టుతో మంచం మీద ఉంది. వ్యాను తోలే చేతులు ఊరికే ఉండలేక, అంతకుముందెన్నడూ సూది పట్టని మనిషి ఎవరి దగ్గరో గొలుసు కుట్టు నేర్చుకుని, తమ్ముడి కొత్త ఇంటికని భోజనాల బల్ల మీదికి ఒక గుడ్డ కుట్టి పంపింది. చుట్టూ నీలం పూలు. మొదలెట్టిన మూలలో చిక్కుడు గింజంత ఉన్న పువ్వు చివరి మూలకు వచ్చేసరికి అరచేయంత అయింది. కాడలన్నీ బస్సులో నిలబడ్డ జనంలా ఒకే వైపు ఒరిగాయి. వంటింట్లో సీసాల మీది చీటీలు కూడా ఒకే వరసలో కనపడాలనుకునే మనిషి ఆమె. ఆ గుడ్డను ఒక రాత్రి బల్ల మీద ఉంచి, పొద్దున్నే తీసి అరలో పెట్టేసింది. సంచిలో అరలు నిలబడాలంటే మందపాటి గుడ్డ కావాల్సి వచ్చినప్పుడు చెయ్యి దాని మీదికే పోయింది. కత్తెర వేసింది. పూలు లోపలికి వచ్చేట్టు కుట్టేసింది.

నిన్న సాయంత్రం వదిన బోసిగా ఉన్న బల్ల చూసి, "నా గుడ్డేదీ?" అంది.

"రోజూ వేస్తే మాసిపోతుందని బీరువాలో దాచాను వదినా. ఎవరైనా వచ్చినప్పుడే తీస్తాను."

"అంటే నేను ఎవరైనా కాదన్నమాట!" అని పగలబడి నవ్వింది వదిన. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఆమెకు రాత్రంతా పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. సంచి ఇంట్లో వదిలేద్దామంటే పిల్లలు ఊరుకోలేదు. ఇంకోటి కుట్టే వ్యవధి లేదు. తను తప్ప వేరేవాళ్ళు చెయ్యి పెట్టకుండా చూసుకుంటే చాలనుకుంది.

ఊరు దాటింది. ఇళ్ళు పోయి పొలాలు వచ్చాయి.

"అమ్మా, చూడ్డానికి ఏం లేవు" అన్నాడు కొడుకు. ఇంట్లో అందరూ వాణ్ణి పిడుగు అంటారు.

"ఉన్నాయి. ఆవులున్నాయి" అంది కూతురు. ఎవరు తప్పు మాట్లాడినా దిద్దుతుందని దానికి పంతులమ్మ అని పేరు.

"ఆవులు లెక్కలోకి రావు" అంది వదిన. "తియ్యమ్మా నీ గారడీ సంచి."

ఆమె సంచి మూతిని తనవైపు తిప్పుకుని, చూడకుండానే చెయ్యి పెట్టి పాములూ నిచ్చెనల బోర్డు తీసింది. రైలు కుదుపులకు కాయలు జారకుండా అయస్కాంతపు బోర్డు. పాచిక సీట్ల కిందికి దొర్లిపోకుండా, మూత బిగించిన చిన్న పారదర్శకపు డబ్బాలో ఉంటుంది. డబ్బాను గిలకొట్టి అంకె చూసుకోవాలి. ఈ ఏర్పాటు తనదే. ఒక ఆట సంచిలోకి వెళ్తే గాని ఇంకోటి బయటికి రాకూడదన్న నియమమూ తనదే.

"ఇటివ్వు, ఇంకా ఏమున్నాయో నేనూ చూస్తా" అంటూ వదిన చెయ్యి చాపింది.

"వద్దు వదినా, దీని అరలు నాకే తెలుసు. మీరు వెతికితే అన్నీ కలిసిపోతాయి."

"సరేలే, నీ ఖజానా నీదే."

నలుగురూ ఆడారు. వదిన కాయ పెద్ద పాము నోట్లో పడింది. ఆవిడ కాయ దించలేదు.

"అత్తా, దిగాలి" అంది పంతులమ్మ.

"నేను దిగను. పామే నన్ను చూసి భయపడి పారిపోయింది."

"బొమ్మలో పాము ఎక్కడికి పారిపోతుంది? రూలు రూలే."

"అచ్చం అమ్మ పోలికే" అంటూ వదిన ఆమె వైపు చూసి కన్ను గీటి, కాయను తోక దాకా దించింది. పిడుగు గెలిచి సీటు మీద గెంతాడు.

తర్వాత వేలి బొమ్మలు. వేలికి తొడుక్కునే చిన్న చిన్న గుడ్డ బొమ్మలు, ఆమె రోజూ కాస్త కాస్త కుట్టినవి. దూది గడ్డంతో తాతయ్య, పసుపు రంగు హెల్మెట్టుతో నాన్న, రెండు జడలతో పంతులమ్మ, ఒక పన్ను లేని పిడుగు. చేతిలో తాళాలతో, ఎర్ర దారంతో చెవుల దాకా కుట్టిన నోటితో అత్త.

"ఓసినీ! నా నోరు ఇంత పెద్దదా?" అని వదిన ఆ బొమ్మను వేలికి తొడుక్కుని మురిసిపోయింది. దాని తల ఆడిస్తూ, "ఒరే, వెనక సీటు! తల బయట పెట్టావంటే వ్యాను ఆపేస్తా!" అని అరిచింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. పేపరు పెద్దాయన కూడా నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు. ఇంత ముద్దుగా చేశావా అని ఆవిడ తన వంక చూసిన చూపును తట్టుకోలేక రొట్టెల డబ్బా తీసింది.

"మరి మీ అమ్మ బొమ్మ ఏదిరా?" అంది వదిన.

"అమ్మకి లేదు" అన్నాడు పిడుగు.

"అమ్మ ఆడించేది కదా అత్తా. ఆడించేవాళ్ళకి బొమ్మ ఉండదు" అంది పంతులమ్మ.

"ముందు తినండి" అందామె. తినేటప్పుడు బొమ్మలు వద్దని పిడుగు వేలి మీది నాన్న బొమ్మను లాగేసింది. వాడి జిడ్డు చేతులు తుడవడానికి హ్యాండ్‌బ్యాగ్ తెరిచి రుమాలు తీసింది, తుడిచింది, మూసింది. రొట్టెలు అయ్యాయి. మళ్ళీ బొమ్మలు తియ్యబోతే నాన్న కనపడలేదు.

"ఏదిరా?"

"నా దగ్గర లేదు."

"నీ వేలికే కదా ఉంది! ఒక్క వస్తువు చేతికిస్తే దాన్ని పోగొట్టేదాకా నీకు నిద్రపట్టదు. ఎన్నిసార్లు చెప్పాను?"

"నేను పోగొట్టలేదు!"

"మరి కాళ్ళొచ్చి నడిచిపోయిందా?"

"పోనీవే, బొమ్మే కదా" అంది వదిన. కాని పిడుగు అప్పటికే ఏడుపు అందుకున్నాడు. నాన్న బొమ్మ పోతే నాన్నే పోయినట్టు ఏడ్చాడు. ఆమె వంగి సీట్ల కింద చూసింది. లేచి, వాడి చెయ్యి పట్టుకుని ముఖం కడిగించడానికి పెట్టె చివరికి తీసుకెళ్ళింది.

వాడి ముఖం మీద నీళ్ళు చల్లుతుంటే తట్టింది, సంచి సీటు మీదే ఉండిపోయిందని. ముఖం తుడవకుండానే వాణ్ణి లాక్కుని వెనక్కి వచ్చింది.

దూరం నుంచే నీలం కనిపించింది.

సంచి వదిన ఒళ్ళో తిరగేసి ఉంది. ఆటలన్నీ పక్కన కుప్పగా పోసి ఉన్నాయి. బొమ్మ ఏ మూలనో ఇరుక్కుందేమోనని దులపడానికి తిరగేసి ఉంటారు. పూలన్నీ బయటికి వచ్చి, వదిన మోకాళ్ళ మీద ఒకే వైపు ఒరిగి ఉన్నాయి. పంతులమ్మ పక్కన నిలబడి పాఠం చెప్పినట్టు చెప్తోంది.

"...అందుకని లోపలికి పెట్టింది అత్తా. నేను అడిగాను, పూలు లోపలెందుకమ్మా అని. వంకరగా ఉన్నాయి కదా, బయటుంటే బాగోవు అంది."

వదిన వేలు ఒక పువ్వు మీద ఆగింది. సంచి కుట్టు దగ్గర కత్తెర ఆ పువ్వు నడుమ నుంచే పోయింది.

"దీని మిగతా సగం ఏదే?" అంది.

"ఆ ముక్కతో అమ్మ వంటగట్టు తుడుస్తుంది."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. నడవలో అలాగే నిలబడిపోయింది. పిడుగు తడి ముఖం ఆమె కుర్తాకు రాసుకుంటున్నాడు. వదిన తలెత్తి ఆమెను చూసింది. కోపం ఉంటే బాగుండేది. ఎవరో పరిచయం లేని మనిషి సీటు కోసం వచ్చి నిలబడితే చూసినట్టు చూసి, పక్కకు జరిగింది.

సంచిని మళ్ళీ పూలు లోపలికి పోయేట్టు తిప్పింది. ఆటల్ని ఏ అరలో పడితే ఆ అరలో పెట్టేసి, సంచిని ఆమె సీటు మీద ఉంచింది.

"బొమ్మ ఇందులో లేదు" అంది. అంతే.

ఆమె కూర్చుంది. దొంగకు తేలు కుట్టినట్టు, అయ్యో అనడానికి కూడా లేదు. పేపరు పెద్దాయన పేపరును ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన అన్నీ విన్నాడు. విననట్టు నటించడం వినడం కంటే అన్యాయంగా తోచింది.

వదిన పిల్లల్ని కిటికీ దగ్గరికి లాక్కుని, తన వ్యాను ఆట మొదలెట్టింది. దానికి బోర్డూ లేదు, కాయలూ లేవు. తలా ఒక రంగు చెప్పాలి, బయట ఎవరి రంగు ముందు కనపడితే వాళ్ళు గెలిచినట్టు. నవ్వు ఎప్పటిలాగే గట్టిగా ఉంది. కాని బిస్కెట్ల పొట్లం విప్పినప్పుడు, "ఇదిగో, మీ అమ్మకియ్యి" అని పంతులమ్మ చేతికిచ్చింది. చెయ్యి చాపితే అందే దూరంలోనే ఉన్నారు ఇద్దరూ.

బిస్కెట్టును ఆమె రొట్టెల డబ్బాలో పెట్టేసింది. పిల్లల్ని కన్నతల్లిలా చూసుకోవడానికి వచ్చిన మనిషి. ఆ మనిషి చేతి పనిని ముక్కలు చేసి, ఆ ముక్కల్లోనే పిల్లల ఆటలు సర్ది, ఆవిడ ముందే ఒళ్ళో పెట్టుకుని వచ్చింది తను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పిల్లల్ని అప్పగించాలి? తను ఆసుపత్రిలో పడి ఉంటే, ఆవిడ మనసులో ఇది మెదులుతుండగా, పిడుగు రాత్రిపూట అమ్మ కావాలని మారాం చేస్తే?

పిల్లలు ఎర్ర లారీ కోసం కిటికీకి అతుక్కుపోయినప్పుడు ఆమె ముందుకు వంగింది.

"వదినా... పిల్లల్ని నాతోనే తీసుకెళ్తాను. ఆయన ఎలాగోలా చూసుకుంటారు. మీకు ఇబ్బంది..."

వదిన గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గించగా వినడం ఆమెకు అదే మొదటిసారి.

"అంటే? గుడ్డ మీది కోపం పిల్లల మీద చూపిస్తాననా?"

"అది కాదు వదినా..."

"అదే. ఇంకేం కాదు." వదిన కిటికీ వైపు ఒకసారి చూసి, మళ్ళీ తిరిగింది. "పూలు వంకరవని నాకు తెలీదా? నాకు కళ్ళు లేవా? నిన్న నేనడిగినప్పుడు, బాలేదు వదినా తీసేశాను అంటే నవ్వేసేదాన్ని. నా కుట్టు మీద నేనే జోకు వేసేదాన్ని. దాచానన్నావు, నమ్మాను. బీరువాలో ఉందని రాత్రి సంబరపడి పడుకున్నాను తెలుసా? ఇప్పుడు మళ్ళీ ఈ మాట. ఎలాంటి మనిషిననుకున్నావే నన్ను?"

ఆమె నోరు తెరిచింది. క్షమించండి అనబోయింది. పొరపాటున ఎవరి కాలో తొక్కినప్పుడు అనే మాట అది. గుడ్డ కొయ్యడం ఒక తప్పు, అబద్ధం ఇంకోటి. సర్దుకుందామని ఇప్పుడు అన్న మాట ఆ రెండింటినీ మించిపోయింది. గోరుచుట్టు మీద రోకలి పోటు పొడిచింది తనే.

"ఎర్ర లారీ! నేనే గెలిచా!" అని అరిచాడు పిడుగు.

"అది నారింజ రంగు" అంది పంతులమ్మ.

"ఎరుపే! అత్తా, చెప్పు!"

"ఎరుపులాంటి నారింజ. ఇద్దరూ గెలిచారు పొండి" అంది వదిన, పాత గొంతుతో.

రైలు వేగం తగ్గింది. వదిన చెప్పులు తొడుక్కుని, పై నుంచి పిల్లల పెట్టె దించింది. ఆమె సాయం చెయ్యబోతే, "నువ్వు బరువెత్తకూడదు" అంది ముక్తసరిగా.

ఆమె సంచిని ఒళ్ళోకి తీసుకుంది. బోర్డు, పేక, బొమ్మలు, దారం గుచ్చే అట్టలు, అన్నింటినీ ఒకేసారి సీటు మీద బోర్లించింది. సంచిలోకి చెయ్యి పెట్టి అడుగు పట్టుకుని తిరగేసింది. పూలు బయటికి వచ్చాయి. వాటితో పాటు ఆమె కుట్లూ బయటికి వచ్చాయి. లోపల ఎవరు చూస్తారులే అని అంచులు మడవకుండా వదిలేసిన కుట్లు. తెగిన పోగులు కుచ్చుల్లా వేలాడుతున్నాయి. ఒకచోట కుట్టు పక్కకు పోతే దాని మీదే మళ్ళీ కుట్టిన ముద్ద కూడా ఉంది.

"అమ్మా! కుట్లన్నీ కనపడుతున్నాయి!" అంది పంతులమ్మ కంగారుగా.

"కనపడనీ."

అరలన్నీ ఇప్పుడు పూలతో పాటు బయటి వైపుకు వచ్చాయి. ఆటల్ని సంచిలో ఊరికే పడేసింది. లేచి నిలబడి, సంచిని వదినకు అందించింది.

వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అంచులు మడవలేదు. పోగులు ఊడొస్తాయి" అంది.

"ఊడనివ్వండి వదినా."

వదిన నవ్వలేదు. సంచిని భుజానికి తగిలించుకుంది. "వెళ్ళగానే ఫోన్ చెయ్యి. పిల్లలు ఎదురుచూస్తుంటారు" అంది. నేను ఎదురుచూస్తుంటాను అనలేదు. అనకపోవడం ఆమెకు వినిపించింది.

పంతులమ్మ ఆమె మెడ కావలించుకుని, "ఆసుపత్రిలో వాళ్ళు చెప్పినట్టు విను" అని బుద్ధి చెప్పింది. పిడుగు ముద్దు పెట్టించుకున్నాడు గాని పెట్టలేదు. ప్లాట్‌ఫారం మీద దిగాక కిటికీ దగ్గరికి వచ్చి, "నేను పోగొట్టలేదు" అన్నాడు మళ్ళీ.

రైలు కదిలింది. జనంలో వదిన భుజం మీద ఒరిగిన నీలం పూలు కొంత దూరం కనపడ్డాయి. దాటిపోతున్న ఒకమ్మాయి తల తిప్పి వాటిని చూసింది. పిల్లల తలలు అప్పటికే జనంలో కలిసిపోయాయి.

కళ్ళు తుడుచుకుందామని ఆమె హ్యాండ్‌బ్యాగ్ తెరిచి రుమాలు లాగింది. రుమాలు మడతలోంచి పసుపు హెల్మెట్టుతో నాన్న ఒళ్ళో పడ్డాడు.

తన చేత్తోనే లాగి, తన చేత్తోనే రుమాలుతో పాటు మడిచి పెట్టింది. వాడి తప్పేమీ లేదు. పేపరు పెద్దాయన బొమ్మను చూసి, ఆమెను చూసి, ఈసారి మర్యాదగా కిటికీ వైపు తిరిగాడు.

ఫోన్ చేసింది. వదిన నంబరుకు చేస్తే పిడుగు ఎత్తాడు. అప్పటికే స్టేషను బయట వ్యాను ఎక్కినట్టున్నారు, వెనక ఇంజను మోత.

"కన్నా, బొమ్మ నా బ్యాగులోనే ఉందిరా. నేనే పెట్టి మర్చిపోయాను. నువ్వు పోగొట్టలేదు."

"నేను చెప్పా కదా!" అన్నాడు వాడు. "మరి నన్నెందుకు తిట్టావ్?"

"తప్పు నాదే. నా తప్పు చూసుకోకుండా నిన్ను తిట్టాను."

"అత్తకి చెప్పనా?"

"చెప్పు."

ఫోను పక్కకు పోయింది. పిడుగు అరిచి చెప్పడం, పంతులమ్మ సరిదిద్దడం, మధ్యలో హారన్. వదిన ఏదో అంది. ఇంజను మోతలో మాటలు తెలియలేదు, గొంతు మాత్రం తెలిసింది.

"అమ్మా" అన్నాడు పిడుగు తిరిగి వచ్చి. "నీకు బొమ్మ లేదు కదా. నువ్వొచ్చేలోపు అత్త కుడుతుందిట."

"అలాగా."

"వంకరగా వస్తుందిట. పర్లేదేమో అడగమంది."

ఆమె ఒళ్ళోని నాన్న బొమ్మను చేతిలోకి తీసుకుంది. "అమ్మా, ఉన్నావా?" అన్నాడు వాడు.

"పర్లేదని చెప్పు" అంది.

ఎదురు సీటు ఖాళీగానే ఉంది. అయినా ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.